సోయా చేనుకు తుప్పు దిగిన వానకాలం

వ్యవసాయ శాఖలోనూ పరిశోధన స్థానాల్లోనూ కొత్తగా చేరిన పిల్లలు కనిపించినప్పుడల్లా నన్ను ఒకటే అడుగుతారు: "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని తెగులు ఏది?" మరిచిపోలేని మనిషి ఎవరని ఒక్కరూ అడగరు. తెగుళ్ళ శాస్త్రం చదివినవాళ్ళకు మనుషులతో పనేముంటుందని వాళ్ళ లెక్క. ఆ లెక్క పూర్తిగా తప్పు కూడా కాదు. పాలమూరు వైపు ఒక పరిశోధన స్థానంలో రిటైరయ్యేదాకా పనిచేశాను. ఆకులు తిరగేసి మచ్చలు చూడడమే నా పని. ఇంట్లో నాకు బూజు మేడం అని పేరు. పెళ్ళికి వెళ్తే పందిరికి కట్టిన మామిడాకులను కూడా తిప్పి చూస్తానని మా ఆడపడుచు ఇప్పటికీ నవ్వుతుంది. నిజమే, చూస్తాను.

మరి అడిగారు కాబట్టి చెప్తాను. సోయాచిక్కుడు ఆకు మీద తుప్పు తెగులు. దాన్ని నా జీవితంలో ఒక్క వానకాలమే చూశాను. చూసింది ఒక రైతమ్మ చేనులో. ఆ తెగులును చెప్పాలంటే ఆమెనూ చెప్పాలి, ఆమెను వదిలేసి చెప్పడం నాకు చేతకాదు.

సోయా మా దక్షిణ తెలంగాణ పంట కాదు. అది ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు పంట. మా దిక్కు ఎర్రమట్టి చెల్కల్లో పల్లి, నల్లరేగడిలో పత్తి, కంది. రాష్ట్రం వచ్చిన కొత్తలో, అందరూ పత్తే వేస్తే ఎట్లా, కృష్ణ ఒడ్డు నల్లరేగళ్ళలో సోయా వేయించి చూద్దామని పెద్దసార్లకు ఆలోచన వచ్చింది. పెద్దసార్లకు ఆలోచన వస్తే మాలాంటి వాళ్ళకు జీపు వస్తుంది. మక్తల్ దాటి చాలా దూరం పోయాక ఒక చిన్న ఊరు. అక్కడ తన చేనిస్తానని ముందుకొచ్చింది ఈ రైతమ్మ ఒక్కతే.

ఆమె నాకంటే కొంచెం పెద్దది. భర్త పోయాక సేద్యం తానే నడుపుకుంటోంది. చేనుకు ఒక మూలన, గట్టు పక్కన, కాలు దిగబడని ఇసుక గరపనేల ముక్క ఉంటే అందులో మా స్థానం తరఫున రకరకాల సోయా వరసలు వేశాం. మిగిలిన నల్లరేగడంతా ఆమె సొంత సోయా. విత్తనాలు వేసే రోజే ఆమె నాకు విషయం చెప్పింది, దాచలేదు.

"మా బావ, మా ఇంటాయన అన్న, పోయినేడే అన్నడు మేడం, ఆడిదానివి నీకెందుకీ సేద్యం, చేను నాకిచ్చి కూలికి పో అని. నలుగురిల కూసుండబెట్టి మాట తీస్కున్నడు. గీ పంట తప్పితే చేను ఆయన చేతిలకు పోతది. నా చేతిల ఇగ కొడవలే ఉంటది, గదీ పరాయోళ్ళ చేన్ల."

అంత మాట మీద నిలబడ్డ మనిషి, ఊరూ పేరూ తెలియని పంట ఎందుకు ఒప్పుకుంది? అదే అడిగాను. పోయినేడు పత్తి చూసింది, ముందటేడు కంది చూసింది, రెండూ దెబ్బతీశాయి, మొగోళ్ళంతా వేసిన పంటే వేస్తే తనకు కొత్తగా ఏం మిగులుతుందని ఎదురడిగింది.

ఆ మండలంలో వ్యవసాయాధికారి హాలియా దిక్కు మనిషి. సాగర్ కాలువ కింద వరిలో పుట్టి వరిలో పెరిగాడు. మంచివాడు, పిలిస్తే పలికేవాడు. కానీ ఏ పంటను చూసినా ఆయనకు వరే కనిపించేది. పత్తిని కూడా కాస్త ఎత్తు పెరిగిన వరి అనుకునేవాడని మేమంతా ఆటపట్టించేవాళ్ళం. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

సోయా బాగా వచ్చింది. పూత మీదికి వచ్చేసరికి సాళ్ళ మధ్య నేల కనిపించనంతగా కమ్ముకుంది. అప్పుడు పట్టింది ముసురు. ఎండ మొహం చూసే వీలు లేకుండా సన్నగా, ఆగకుండా, చిరాకు పుట్టించే వాన. పంటలకు జబ్బులొచ్చే కాలం అదే. ఆ రోజుల్లోనే వ్యవసాయాధికారి ఫోన్ చేశాడు. మూలన ఉన్న మన వరసల్లో కింది ఆకులు పచ్చబడుతున్నాయి, ఆకులకు దుమ్ము పట్టినట్టుంది, ఏమీ కంగారు లేదు అన్నాడు. ఆ చేను పక్కనే చెరువు పూడిక మట్టి మోసే టిప్పర్లు తిరిగే బాట ఉండేది. వాన పట్టకముందంతా ఆ బాట దుమ్మే దుమ్ము. కాబట్టి ఆయన మాటను నమ్మాను. కానీ ముసురులో ఆకు మీద దుమ్మెట్లా నిలుస్తుందన్న అనుమానం మాత్రం ఆ రాత్రంతా నన్ను సతాయించింది. మర్నాడు ఉన్నపళంగా బయల్దేరాను.

నేను పోయేసరికి చేనులో తాడు లాగుతున్నారు.

వరి చూసిన వాళ్ళకు ఇది తెలుసు. వరికి ఆకుముడత పురుగు పడితే ఇద్దరు మనుషులు చెరో గట్టున నిలబడి, పైరు మీదుగా తాడు లాగుతారు. తాడు తగిలి పురుగు నీళ్ళలో పడిపోతుంది. అదే ఉపాయం మా హాలియా సారు సోయాకు చెప్పాడు, ఆకుల మీది దుమ్ము రాలిపోతుందని. ఆమెకూ అది నచ్చింది. ఎందుకంటే వాళ్ళ దిక్కు కందిచేనుకు కాయతొలుచు పురుగు పడితే చెట్లను పట్టి దులుపుతారు, కింద బట్ట పరిచి పురుగుల్ని ఏరేస్తారు. వరి తెలివీ కంది తెలివీ కలిసి సోయాచేనులో తాడై సాగింది. ఆమె ఒక కొసన, ఆమె మరదలు ఒక కొసన, ఆ మూల నుంచి మొదలుపెట్టి చేనులోకి లాక్కుంటూ వస్తున్నారు. పొద్దున్నే వానకు తడిసిన ఆకుల నుంచి నీళ్ళు చిమ్ముతున్నాయి.

చెప్పులు గట్టు మీద వదిలేసి మూలకు పోయి, ఒక కింది ఆకు తిప్పాను.

పిల్లలూ, పల్లి తుప్పు మీరు చూసే ఉంటారు. ఇటుకపొడి రంగు. వేలితో రాస్తే వేలికి బొట్టు పెట్టినట్టు అంటుతుంది. అందుకే కుంకుమ తెగులు అంటారు. సోయా తుప్పుకు కూడా అదే పేరు పెట్టారు గానీ దానికి కుంకుమ లేదు, పసుపు లేదు. జొన్నపిండి చల్లినట్టు, వెలిసిపోయిన మట్టిరంగు. పైనుంచి చూస్తే చిన్న గోధుమరంగు చుక్కలు, ఆకు ఈనెల మధ్య గదుల్లో ఇమిడిపోయిన చుక్కలు. కింది నుంచి చూస్తే ఒక్కో చుక్కలో బుడిపెలు. లెన్సు కంటికి ఆనించి చూశాను. ప్రతి బుడిపెకూ నెత్తిన చిన్న నోరుంది. ఆ నోట్లోంచి పొడి ఉబ్బి బయటికి వస్తోంది, వానకు చెదపుట్ట పగిలి ఉసిళ్ళు వచ్చినట్టు. ఒక్క ఆకు మీదే నేను లెక్కపెట్టలేనన్ని నోళ్ళు. పుస్తకాల్లో బొమ్మగా చూసి, పరీక్షల్లో రాసి, పిల్లలకు పాఠం చెప్పి, ఒక్కసారీ కంటితో చూడనిది. "వచ్చిందే!" అని పైకే అన్నాను. నవ్వాననుకుంటాను, గట్టిగానే.

తాడు కొస పట్టుకుని ఆమె నా పక్కకు వచ్చి నిలబడింది.

"ఏంది మేడం, గంత మురుస్తున్నవు? మంచి రోగమేనా?"

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అనలేదు. ఆ మాటకు నాకు తల కొట్టేసినట్టయింది. తాడు ఆపమన్నాను. ఆ తాడు తిరిగినంత మేరా వంగి ఆకులు తిప్పుకుంటూ పోయాను. మూలన నిండా ఉంది. మూలను ఆనుకుని ఆమె సొంత చేనులో మొదటి సాళ్ళల్లో అక్కడక్కడ, ఇప్పుడిప్పుడే పొడుస్తున్న చుక్కలు. ఆ తర్వాత ఏమీ లేదు. తాడు మీద చేయి రాసి లెన్సు కింద పెట్టి చూస్తే, ఆ పొడే. రోగాన్ని తాడే చేనులోకి మోస్తోంది.

వ్యవసాయాధికారిని అక్కడే, ఆమె ముందే తిట్టాను. నా నోరు మంచిది కాదని మీకు తెలుసు. ఆకు కిందికి తిప్పి చూడకుండా దుమ్మని ఎట్లా అన్నావని అరిచాను. "తాడు నేనే లాగమన్న అక్కా, తప్పు నాది. మందు నేనే తెస్త" అని రైతమ్మతోనే అన్నాడు. అట్లాంటి మనుషులు ఆఫీసుల్లో తక్కువ. వెంటనే మోటర్‌సైకిలెక్కి మక్తల్ పోయాడు. అక్కడ పత్తి మందులు తప్ప ఈ తెగులు మందు లేదు. మహబూబ్‌నగర్ పోయాడు. మందు దొరికింది గానీ ఎందుకది? వాన తెరిపివ్వడం లేదు. కొట్టిన మందు కొట్టినట్టే కడుక్కుపోతుంది. నల్లరేగడిలో పంపు వీపున వేసుకుని నడిస్తే మోకాలిదాకా దిగిపోతారు.

సాయంత్రం ఆమె ఇంటి అరుగు మీద నేను తెచ్చుకున్న చిన్న మైక్రోస్కోపు పెట్టాను. ఆరోగ్యంగా ఉన్న సోయా ఆకు మీద ఆ పొడి కొంచెం దులిపి, నీళ్ళు చిలకరించి, తడిగుడ్డలో చుట్టి గిన్నె బోర్లించాను. తెల్లారి వెలుతురు రాగానే ఆకుపొర తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను.

బీజాలు మొలిచాయి. ఒక్కో బీజం పక్క నుంచి సన్నటి పోగు బయటికి వచ్చి, ఆకు మీద పాకి, కొసన ఉబ్బి, గుండీలాగా ఆకుకు అతుక్కుంది. పల్లి తుప్పయినా, జొన్న తుప్పయినా ఆ పోగు ఆకులో ఊపిరి తీసుకునే రంధ్రం ఎక్కడుందో వెతుక్కుంటూ పోతుంది, తలుపు దొరికితేనే లోపలికి దూరుతుంది. సోయా తుప్పు తలుపు వెతకదు. ఉన్న చోటే గోడకు కన్నం వేస్తుంది. కంటికి కనిపించని ఒక మెత్తటి పోగు, ఆకు చర్మాన్ని నేరుగా పొడుచుకుని లోపలికి దిగుతుంది. దిగినాక ఆకు కణాల మధ్య దారాలై పరుచుకుంటుంది. కణంలోకి గొట్టం పెట్టి తాగుతుంది, కానీ చంపదు. పాలిచ్చే గేదెను ఎవరు చంపుకుంటారు? అట్లా లోపల గుట్టుగా తిని, బలిసి, వారం తిరిగేసరికి ఆకు అడుగున పొక్కై లేచి, నోరు తెరిచి, మళ్ళీ లక్షల బీజాలను గాలికి ఇస్తుంది. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికి తెలుసు? పడమటి నుంచి, కృష్ణ ఎగువన సోయా పండించే నేలల మీదుగా, మబ్బులతో పాటు వచ్చి ఉంటుందని నా ఊహ. ఎంత దూరం నుంచి వచ్చి, ఈ ఒక్క చేనును ఎట్లా కనుక్కుందో తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది. భయంతో కాదు. గుళ్ళో గంట మోగినప్పుడు కలిగే లాంటిది.

ఆమె వచ్చి మైక్రోస్కోపులోకి చూసింది.

"గిదేనా? గింత సన్నగుంది. గింత సన్నదానికి నా చేను కావాల్నా?"

ఆమె వెనక ఆమె తమ్ముడు నిలబడి ఉన్నాడు. గొర్ల మంద ఉన్నవాడు. ముసురులో మేపు దొరక్క మందను ఊరి దగ్గరే ఆపుకుని విసుగ్గా ఉన్నాడు. నేను మందుతో తిరిగొచ్చిన వ్యవసాయాధికారితో చెప్తున్నాను: మూలన ఉన్నదాన్నీ, ఆనుకున్న సాళ్ళనూ తీసేయగలిగితే మిగతా చేనుకు కొంచెం గడువు దొరుకుతుంది. ఈ శిలీంధ్రం ఎండిన ఆకు మీద బతకదు, నా ప్రయోగశాల గిన్నెలో పెంచుదామన్నా పెరగదు. ఆకు బతికుంటేనే అది బతుకుతుంది. కాయలో గింజ నిండేదాకా కింది నుంచి ఆకు రాలకుండా ఆపగలిగితే చాలు. కానీ ఎట్లా తీస్తాం? పీకితే మొక్క అదిరి పొడి రేగుతుంది. కాలుద్దామంటే వాన.

"మా గొర్లను ఇడిస్తే ఒక్క పూటల నాకి పెడ్తయి" అన్నాడు తమ్ముడు. ఎగతాళికే అన్నాడు. నేను ఆయన మొహం వంక చూశాను.

గొర్రె మొక్కను పీకదు. ఆకును కొరికి కడుపులో వేసుకుంటుంది. కడుపులో పడ్డ తుప్పు మళ్ళీ ఆకెక్కదు. ఆ మూల గరపనేల, గట్టు మీది నుంచి మంద దిగొచ్చు, నల్లరేగడి తొక్కనక్కర్లేదు. నేను ఎక్కడా చదవని పని అది. ఇప్పటికీ ఏ సిఫారసులోనూ లేదు, మీరూ రాసుకోకండి.

మా స్థానాధిపతికి ఫోన్ చేశాను. ఆయన విని, "ఆ మూల జోలికి పోవద్దు. ఈ జిల్లాలో ఇది మొదటిసారి దొరికింది. మచ్చ పొడిచినప్పటి నుంచి ఆకు రాలిపోయేదాకా వరసల వారీగా చూడాలి. రైతుకు వచ్చే ఏడాది విత్తనాలిద్దాం" అన్నాడు. ఆయనది తప్పని నేను అనను. నా మనసులో మాటే ఆయన చెప్పాడు. ఏ రకం తట్టుకుంటుంది, ఏ రకం లొంగిపోతుంది, మచ్చ ఎట్లా పెరుగుతుంది, ఇవన్నీ చూడడానికే కదా నేను జీతం తీసుకున్నది. సర్వీసు చివరికొచ్చింది, మళ్ళీ దొరుకుతుందన్న ఆశ లేదు. వచ్చే ఏడాది విత్తనాలిస్తాం, మరి చేనెవరిస్తారు? మళ్ళీ ఏటికి ఆ చేను ఆమెది కాదు. వానకు సిగ్నల్ సరిగా లేదు సార్, మాట వినిపించడం లేదు అని ఫోన్ పెట్టేశాను. సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది.

తమ్ముడు మాత్రం వెంటనే ఒప్పుకోలేదు.

"నా గొర్లకు ఏమన్న అయితే?"

"ఈ రోగం మనిషికీ రాదు, గొర్రెకూ రాదు. ఫికర్ చెయ్యకు."

"రోగం గాదు మేడం. పచ్చి సోయాకు, పప్పుజాతి. తడి మీద తింటే కడుపుబ్బి సస్తయి. జర తెరిపిచ్చి ఆకు ఆరినంక తోల్త."

అక్కడ వచ్చింది చిక్కు. తడి ఉన్నంతసేపే ఆ పొడి ఆకుకు అంటుకుని ఉంటుంది. ఆరితే గొర్రె తగిలినప్పుడల్లా లేచి చేనంతా పడుతుంది. ఆకు ఆరితే చేనుకు ముప్పు, తడిగా ఉంటే గొర్రెకు ముప్పు. నేను తడి మీదే తోలాలన్నాను. ఆయన ఆరాకే అన్నాడు. ఇద్దరం గొంతు పెంచాం. ఆమె మా ఇద్దరి మధ్యకు వచ్చి తమ్ముడి వైపు తిరిగింది.

"బాపు ఉన్నప్పుడు మనం గడ్డిజొన్న పచ్చిది పెట్టేటప్పుడు ఏం జేసేటోడురా? ముంగట ఎండు చొప్ప కడుపునిండ పెట్టెటోడు గదా. గట్ల పెట్టు. ఉబ్బితే నూనె తాపుదాం. ఒక్కటి సచ్చినా నా కోడెను తోల్కపో."

"నీ కోడె నాకెందుకే అక్కా" అని గొణుక్కుంటూ ఆయన పోయాడు. మర్నాడు తెల్లవారుజామునే మంద ముందు ఎండు జొన్నచొప్ప పడింది.

పొద్దున్నే, ఆకుల మీద తడి మెరుస్తుండగా, గట్టు మీద కంపను పక్కకు లాగారు. అంతకుముందు ఆమె ఊళ్ళో ఉన్నవాళ్ళందరినీ పిలిచింది. గొర్లు తినే లోపల చూసిపోండి, మళ్ళీ దొరకదట అని. ఆడవాళ్ళు, మొగవాళ్ళు, ఆఖరికి ఆమె బావ కూడా, నా లెన్సు చేతులు మార్చుకుంటూ ఒక్కో ఆకు తిప్పి చూశారు. బావ చాలాసేపు చూసి, "సక్కగుంది గని, సక్కగున్నదే ముంచుతది" అన్నాడు. ఆ మాట తెగులునుద్దేశించి అన్నాడో, మరదలిని ఉద్దేశించి అన్నాడో. నాకు మాత్రం లెన్సు తిరిగి ఇయ్యడానికి ఆయన మనసు ఒప్పలేదనిపించింది.

మంద దిగింది. నా సోయా వరసల్లోకి, నేను గుర్తు కర్రలు పాతిన చోటుకు, తలలు వంచి దిగింది. కరకర కొరుకుతున్న చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. కింది ఆకుల నుంచి మొదలుపెట్టి పైకి తింటున్నాయి, అచ్చం తుప్పు ఎక్కినట్టే, తుప్పు కంటే వేగంగా. ఏ రకం తట్టుకునేదో, ఏ రకం లొంగేదో ఇక ఎవరికీ తెలియదు. నాకు కన్నీళ్ళు వచ్చాయి. ఎందుకు దాచాలి, వచ్చాయి. ఒక జీవి మహాద్భుతంగా పని చేస్తుంటే దాన్ని గొర్రె కడుపులోకి పంపింది నేనే. తుప్పు కోసం ఏడ్చిన మనిషి ఈ భూమ్మీద నేనొక్కతెనే అయి ఉంటాను.

ఒక గొర్రెకు ఎడమ డొక్క ఉబ్బింది. తమ్ముడు దాన్ని పట్టి నోరు తెరిచి పల్లినూనె పోసి, డొక్క పిసుకుతూ గట్టు మీద నడిపించాడు. కొంతసేపటికి అది పెద్దగా తేన్చింది. వ్యవసాయాధికారి చప్పట్లు కొట్టాడు. మందను చేనులోకి తిప్పకుండా గట్టు మీదుగా నేరుగా వాగులోకి తోలి, ఉన్నికి అంటిన పొడి పోయేలా తడిపి, అవతలి ఒడ్డుకు పంపించాం. ఆ మూలన మోళ్ళు మిగిలాయి. ఆనుకున్న సాళ్ళు కూడా పోయాయి, అవి ఆమెవి. ఆమె వాటి వంక చూడలేదు.

తర్వాత ముసురు విడిచింది. ఎండ కాసింది, మంచి ఎండ. ఆ ఎండకు గాలిలో ఉన్న బీజాలు కొన్ని చచ్చి ఉంటాయి. నేల ఆరగానే హాలియా సారు తన చేత్తోనే పంపు కొట్టాడు, కూలివాళ్ళకు ఇవ్వలేదు. తాడు లాగించిన పాపం కడుక్కుంటున్నానన్నాడు. ఆ చేనును కాపాడింది గొర్లా, ఎండా, మందా, లేక మూడూనా? నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి మా శాస్త్రంలో చాలా పెద్ద మాటలున్నాయి, అవి మీరు వేరే చోట నేర్చుకుంటారు.

నేను వీలైనప్పుడల్లా పోయేదాన్ని. ఒకసారి గట్టు మీద కూర్చుని, అది ఎంత దూరం నుంచి వచ్చి ఉంటుందో, దాన్ని చివరిదాకా చూడాలని నేనెంత ఆశపడ్డానో ఆమెకు చెప్పాను. పోయిన ప్రతిసారీ కింది ఆకులు తిప్పేదాన్ని. ఏమీ లేదు. పూత కాయైంది. కాయ పొడుగైంది. కాయను వేళ్ళ మధ్య నొక్కి చూస్తే లోపల గింజ ఇంకా పాలు పట్టిన దశలో ఉండేది. అప్పుడు తుప్పు వస్తే ఆకు రాలిపోయి గింజ తాలైపోతుంది. నన్ను చూసినప్పుడల్లా ఆమె ఒకటే అడిగేది, "ఉందా, లేదా?" "లేదు" అంటే తలాడించి మళ్ళీ పనిలో పడేది. ఆమె నన్ను మేడం అనడం ఎప్పుడు మానేసిందో నేను గమనించనేలేదు.

పంట కోతకు దగ్గరపడ్డ రోజుల్లో ఒక సాయంత్రం పోయాను. సాళ్ళ మధ్య వంగి ఒక ఆకు తిప్పాను. ఉంది. అదే జొన్నపిండి రంగు, అవే నోళ్ళు. పక్క మొక్క తిప్పాను, ఉంది. దాని పక్కది తిప్పాను. వచ్చేసింది. గొర్లకు అందనిది, ఎండకు చావనిది, మందుకు లొంగనిది ఏదో ఒక మూలన బతికి, తన పని తాను చేసుకుంటూ చేనంతా ఎక్కింది. లేచి నిలబడి ఆమె వైపు చూశాను. నా మొహం చూసి ఆమెకు అర్థమైంది. వచ్చి, పక్కనున్న మొక్క నుంచి ఒక కాయ తెంపి, గోరుతో చీల్చి అరచేతిలో పోసుకుంది. గింజలు గుండ్రంగా, గట్టిగా, పసుపురంగు తిరిగి ఉన్నాయి. ఒకదాన్ని పంటి కింద పెట్టి కొరికింది. టక్కుమంది. ఇంకో కాయ తెంపింది, ఇంకోటి తెంపింది. అన్నీ నిండే ఉన్నాయి.

"ఉంది గదా?"

"ఉంది అక్కా. చేనంత ఉంది."

"ఉండనీ. గింజ గట్టిపడ్డది, చేను నా చేతిలనే ఉంటది, ఇగ ఆకుతోని నాకేం పని? పాపం, ఎంత దూరం నుంచి వచ్చిందంటివి. తిననీ దాన్ని."

నెత్తి మీది గోనెసంచి తీసి సాలు మధ్య పరిచి, మట్టి అంటకుండా అంచులు సవరించింది.

"సూడాలంటివి గద చెల్లె, ఆనాడు సూడనియ్యకపోతిమి. కూసో. కోతదాకా నా చేను నీదే, ఎన్ని పొద్దులైనా సూడు."

నేను కూర్చున్నాను. వెలుతురు పోయి లెన్సులో ఏమీ కనిపించకుండా అయ్యేదాకా ఆకులు తిప్పుతూనే ఉన్నాను.